కూజాలో ఊపిరి

గణపతిరావు డాక్టరయ్యాడంటే ఖరగ్‌పూర్ న్యూ సెటిల్‌మెంట్ పేటలో అందరికీ అర్థమైంది. డాక్టరయ్యాక మళ్లీ ఏం చదువుతున్నాడో మాత్రం ఎవరికీ అంతుపట్టలేదు. తండ్రి వెంకటరావు రైల్వే వర్క్‌షాపులో, కమ్మరి షాపులో సుత్తి మనిషి. తోటివాళ్లు అడిగినప్పుడల్లా, "రొమ్ము కోసి ఊపిరితిత్తులు బాగుసేసే పనంట. డాక్టరీ కంటే పెద్ద సదువంట," అని చెప్పేవాడు. అంతకుమించి ఆయనకూ తెలీదు.

అతను చేరింది కలకత్తాలో ఒక పెద్ద బోధనాసుపత్రిలోని ఛాతీ ఆపరేషన్ల విభాగంలో. దాని పెద్ద ప్రొఫెసర్ లాహిరి. కొత్తగా చేరిన కుర్ర డాక్టర్లకు ఆయన ఆరు నెలల దాకా కత్తి చేతికిచ్చేవారు కాదు. మంచం కోడుకు దారం కట్టి ఎడమచేత్తో ముడులు వేయించేవారు. ఆపరేషను జరుగుతుంటే తెరిచిన పక్కటెముకల మధ్య కొక్కెం పెట్టి, మూడేసి గంటలు కదలకుండా పట్టుకోమనేవారు. మిగతా వేళంతా వార్డులో సీసాలు కాయడమే పని.

ఆ సీసాలే ఆ వార్డుకి ప్రాణం. రొమ్ము లోపల ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరితే ఊపిరితిత్తి ముడుచుకుపోతుంది. ఆ గాలి బయటికి రావడానికి పక్కటెముకల సందులోంచి ఒక రబ్బరు గొట్టం పెడతారు. గొట్టం రెండో కొస మంచం కింద సీసాలో, నీళ్లలో మునిగి ఉంటుంది. రోగి ఊపిరి వదిలితే గాలి బుడగలుగా బయటికొస్తుంది. పీల్చినప్పుడు నీళ్లు అడ్డం ఉంటాయి గనక బయటిగాలి లోపలికి పోదు. సీసా ఎప్పుడూ రోగి రొమ్ము కంటే కిందే ఉండాలి, పైకెత్తితే నీళ్లు రొమ్ములోకి పోతాయి. బుడగలు వస్తున్నంతసేపూ గొట్టం మూయకూడదు, మూస్తే గాలి లోపలే పేరుకుని గుండెని పక్కకి తోసేస్తుంది. చదువుకోనివాడికి కూడా పావుగంటలో చెప్పొచ్చు. "ఇది తెలియడం వేరు, అలిసిపోయి ఉన్నప్పుడు కూడా తెలియడం వేరు," అనేవారు లాహిరి.

అరవై మూడు ఫిబ్రవరిలో గణపతిరావుకి ఆ తేడా తెలిసొచ్చింది. ఊపిరితిత్తిలో కొంత భాగం తీసేసిన రోగి ఒకడు, రామ్‌సేవక్ అని జనపనార మిల్లు కార్మికుడు. అతన్ని ఎక్స్‌రేకి తీసుకెళ్లాలి. దారిలో సీసా ఒలుకుతుందేమోనని గణపతిరావు గొట్టాన్ని క్లాంపుతో బిగించి మూసేశాడు. వార్డుకి తిరిగొచ్చేసరికి పక్క మంచం మీద ఇంకో మనిషి నెత్తురు కక్కుకుంటున్నాడు. అటు పరిగెత్తాడు. క్లాంపు సంగతి గుర్తొచ్చేసరికి ఇరవై నిమిషాలయింది. రామ్‌సేవక్ మూడో రోజు పోయాడు.

మర్నాడు పొద్దున్న మీటింగులో అందరి ఎదుటా లాహిరి రెండే ప్రశ్నలడిగారు.

"క్లాంపు పెట్టిందెవరు?"

"నేనే సార్."

"తియ్యాల్సిందెవరు?"

"నేనే."

ఆయన కేసు కాగితం తిప్పేసి తరవాతి పేరు చదివారు. తిట్టి ఉంటే గణపతిరావుకి కాస్త తేలికయ్యేదేమో. రెండు వారాలు సెలవు రాసిచ్చి ఖరగ్‌పూర్ వచ్చేశాడు. ఇంట్లో ఎవరికీ ఏమీ చెప్పలేదు. జ్వరాలకీ దెబ్బలకీ మందిచ్చే మామూలు రైల్వే డాక్టరు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకుందామనీ, ఇక జన్మలో మనిషి రొమ్ము జోలికి పోకూడదనీ లోలోపల తేల్చుకున్నాడు. అమ్మ జోగమ్మ చేపల పులుసు వండి పెడుతుంటే కంచం ముందు కూచుని కలిపింది కలిపినట్టే ఉంచేవాడు.

సెలవు పదో రోజు. పొద్దున్న ఎనిమిదిన్నర కావస్తోంది. వర్క్‌షాపులో ఉండాల్సిన తండ్రి సైకిలు మీద రొప్పుకుంటూ వచ్చి గుమ్మం ముందు దిగాడు.

"ఒరే గణపతీ, సొక్కా ఏసుకో. మన దేముడు నలిగిపోనాడ్రా."

దేముడంటే పక్కపేట, పూరీ గేట్ కుర్రాడు. వ్యాగన్ షాపులో ఖలాసీ. పాతికేళ్లుండవు, పెళ్లై ఏడాది. గణపతిరావు వెనకాలే గాలిపటాలెగరేస్తూ పెరిగినవాడు.

"ఏటైంది నానా?"

"వ్యాగన్లని పక్క లైన్లోకి జరిపే ట్రాలీ ఉంది గదా, దానికీ స్తంబానికీ మద్దిన పడిపోనాడు. రైల్వే ఆస్పత్రికి తీసుకెల్లినారు. ఎముకొక్కటీ ఇరగలేదంట. గానీ ఊపిరాడ్డం లేదు. మొకం బూరిలాగ ఉబ్బిపోతంది."

చొక్కా బొత్తాలు పెట్టుకుంటున్న గణపతిరావు చేతులు ఆగిపోయాయి. ఎముక విరక్కుండా మొహం ఉబ్బుతోందంటే లోపల ఎక్కడో గాలి చీల్చుకుని చర్మం కిందికి పాకుతోందన్నమాట.

"అక్కడ డాక్టర్లున్నారు గదా నానా."

"ఉన్నారు. నువ్వూ ఉన్నావు. ఎనక్కూకో."

ఆసుపత్రిలో పెద్ద సర్జన్ లైను తనిఖీకి వెళ్లి ఉన్నాడు. ఉన్నది డాక్టర్ జ్ఞానప్రకాశం గారు ఒక్కరే. యాభై దాటిన మనిషి, నెమ్మదస్తుడు. దేముడికి ఆక్సిజను పెట్టి, గణపతిరావు రావడం చూసి పక్కకి తప్పుకున్నారు.

దేముడు కూచునే ఉన్నాడు, పడుకోలేక. కళ్లు ఉబ్బి మూసుకుపోయాయి. పెదాలు నేరేడుపండు రంగుకి తిరిగాయి. కుడివైపు రొమ్ము ఎడమవైపు కంటే పొంగి ఉంది, కదలడం లేదు. మెడ నరాలు తాళ్లలా లేచాయి. గొంతు మధ్యలో ఉండాల్సిన శ్వాసనాళం ఎడమకి ఒరిగిపోయింది. మెడ మీద వేలు ఆనిస్తే చర్మం కింద మరమరాలు నలిగినట్టు పటపటమంది.

"మీరు చెయ్యండి సార్, నేను పక్కనుండి చెబుతాను," అన్నాడు గణపతిరావు.

జ్ఞానప్రకాశం అతని మొహంలోకి చూశారు. "నేను చేసి పదేళ్లయింది బాబూ. నువ్వు రోజూ చేస్తావు. ఇతనికి అంత టైము లేదు. సూది తీసుకో."

లావుపాటి సూది. కాలరు ఎముక కింద, రెండో పక్కటెముకల సందు. గణపతిరావు వేలితో చోటు వెతికాడు. ఒకసారి వెతికాడు, మళ్లీ వెతికాడు. దేముడు ఉబ్బిన పెదాలతో "అన్నా" అన్నాడు. మాట రాలేదు, ఆకారమే వచ్చింది. గణపతిరావు సూది దించాడు.

సైకిలు ట్యూబు వాల్వు పీకినట్టు బుస్సుమని గాలి వచ్చింది. పది గుక్కలు తిరిగేసరికి దేముడి పెదాల్లో నలుపు విరిగింది. గోడవారన కొంగు నోట్లో కుక్కుకుని నిలబడ్డ అతని భార్య పోలమ్మ, "దేవుడా" అని కూలబడింది.

తరవాత చంక కింద రబ్బరు గొట్టం పెట్టాడు. అక్కడ అలాంటి సీసా లేకపోవడంతో లేబరేటరీలోంచి గాజు జాడీ తెప్పించి, బిరడాకి రెండు బెజ్జాలు చేసి, గాజునాళాలు దించి, జ్ఞానప్రకాశం గారే స్వయంగా తయారుచేశారు. గొట్టం కలపగానే జాడీలో నీళ్లు మరిగినట్టు బుడగలు లేచాయి. గణపతిరావు ఆ బుడగల్ని చూస్తూ కూచున్నాడు. ఐదు నిమిషాలకి తగ్గాలి. తగ్గలేదు. పావుగంటకి తగ్గాలి. తగ్గలేదు. ఊపిరి వదిలినప్పుడే కాదు, పీల్చినప్పుడు కూడా వస్తున్నాయి. ఎక్స్‌రే తడితడిగానే పట్టుకొచ్చారు. కుడి ఊపిరితిత్తి మొదలు తెగిన గుమ్మడిపాదులా కిందికి వేలాడి ఉంది.

"ఊపిరితిత్తికి చిల్లు పడలేదు సార్. ఊపిరితిత్తికి గాలి తీసుకెళ్లే నాళమే తెగింది, మొదట్లో. రొమ్ము తెరిచి కుట్టాలి."

"ఇక్కడ ఆ పని జరగదు," అన్నారు జ్ఞానప్రకాశం. "ఒక్క ఊపిరితిత్తితోనే ఊపిరాడిస్తూ మనిషికి మత్తివ్వగలవాళ్లు మనకి లేరు. కలకత్తా పంపాలి. రోడ్డు మీదైతే రూప్‌నారాయణ్ నది పడవరేవు దగ్గర ఎంతసేపు ఆగాలో ఎవడూ చెప్పలేడు. పన్నెండింటికి హౌరా బండి ఉంది. రైళ్ల కంట్రోలు ఆఫీసుకి ఫోను చేస్తాను. కానీ తోడు ఎవరెళ్లాలి?"

గణపతిరావు జాడీ వంకే చూశాడు. ఈ గొట్టాన్ని ఈ రోజుకి ఒక్క చెయ్యే కాయాలి. ఆ చెయ్యి తనది. పదమూడు రోజుల కిందట ఇలాంటి గొట్టాన్నే మూసి మరిచిపోయిన చెయ్యి.

"నేనెల్తాను," అన్నాడు చివరికి, తండ్రితో మాట్లాడే యాసలోనే.

స్టేషను దగ్గర మొదటి గండం వచ్చింది. వర్క్‌షాపు నుంచి ఖలాసీలు నలుగురు వచ్చి, బరువులు మోసే అలవాటున స్ట్రెచర్ని ఒక్క ఊపున భుజాల మీదికెత్తేశారు. అందులో ఒకతను జాడీ కూడా తీసి దేముడి పక్కన పెట్టబోయాడు, పాపం సాయమనే.

"కిందికి! జాడీ కిందికి దించు!" గణపతిరావు అరిచిన అరుపుకి ప్లాట్‌ఫారం మీద కూలీలు ఆగి చూశారు. ఆ ఖలాసీ చెయ్యి గాల్లోనే నిలిచిపోయింది. గణపతిరావు జాడీని లాక్కుని, మోకాళ్ల కిందికి పట్టుకుని, నడుం వంచి స్ట్రెచర్ పక్కనే నడిచాడు. "భుజాల మీద కాదు, చేతులతో మొయ్యండి. నడుం కాడికి. అంతే." ప్లాట్‌ఫారం ఆ చివర్నించి ఈ చివరికి అలాగే వంగి నడిచాడు. దాని పొడుగు గురించి గొప్పగా చెప్పుకునే ఊరు అది. ఆ రోజు ఆ పొడుగుని తిట్టుకోనివాడు లేడు.

గార్డు సుందర్ రాజు పూరీ గేట్ మనిషే. గార్డు పెట్టెలో సామాన్లు ఓ పక్కకి నెట్టించి, రెండు ట్రంకు పెట్టెల మీద స్ట్రెచర్ పెట్టించాడు. జాడీ నేల మీద పెట్టడానికి అప్పుడే వీలు. ఆసుపత్రి నుంచి హెడ్ నర్సు సరోజమ్మ, ఒక ఆక్సిజను సిలిండరు, పోలమ్మ. ఇంతమందీ ఎక్కాక బండి కదిలింది.

జక్‌పూర్, బాలీచక్ దాటేదాకా అంతా నెమ్మదిగానే సాగింది. గణపతిరావు నేల మీద కూచుని జాడీని రెండు పాదాల మధ్య పట్టుకున్నాడు. సరోజమ్మ నాడి చూస్తోంది. దేముడు అప్పుడప్పుడూ మూలిగేవాడు. పోలమ్మ మాత్రం అడగాలా వద్దా అన్నట్టు చూసి చూసి అడిగింది.

"ఆ బుడగలు ఆగిపోతే మంచిదా బాబూ, ఆగకపోతే మంచిదా?"

"ఇప్పుడు ఆగకూడదమ్మా. ఆపరేషనయ్యాక ఆగాల."

పోలమ్మ బుడగల్ని లెక్కపెట్టడం మొదలెట్టింది.

పాంస్‌కుడా స్టేషన్లో తమలపాకుల బుట్టలు ఎక్కించారు. సుందర్ రాజు వద్దన్నా వినకుండా పార్శిలు కూలీ ఒకడు చివరి బుట్టని మిగతావాటి మీద నెట్టి దిగిపోయాడు. బండి ఒక్క కుదుపుతో బయల్దేరింది. పైనున్న తడిబుట్ట జారింది. గణపతిరావు చెయ్యి అడ్డం పెట్టాడు గానీ చాల్లేదు. గాజు పగిలిన చప్పుడు, పాదాల మీద చల్లగా నీళ్లు.

గొట్టం కొస గాల్లో ఉంది. దేముడు ఊపిరి పీల్చాడు. గొట్టం కూడా పీల్చింది, సర్రుమని.

సరోజమ్మ పాతికేళ్ల సర్వీసున్న మనిషి. సీసా పగిలితే ముందు గొట్టం బిగించాలని ఆమెకి నేర్పారు. చెప్పక ముందే క్లాంపు తీసి గొట్టానికి పట్టించేసింది.

"తియ్యండి," అన్నాడు గణపతిరావు.

"గాలి లోపలికి పోతుంది డాక్టరుగారూ!"

"తియ్యండమ్మా! నాళం తెగింది. లోపల్నించే గాలొస్తోంది. మూస్తే రెండు నిమిషాల్లో చచ్చిపోతాడు!"

ఆమె చెయ్యి ఒక్క క్షణం ఆగింది. గణపతిరావే క్లాంపు ఊడబీకి విసిరేశాడు. అది పెట్టె గోడకి తగిలి ఎక్కడో పడింది. గొట్టం కొస మీద బొటనవేలు పెట్టాడు. దేముడు పీల్చినప్పుడు వేలు నొక్కాడు, వదిలినప్పుడు వేలు తీశాడు. నొక్కు, తియ్యి. నొక్కు, తియ్యి. దేముడు నిమిషానికి నలభైసార్లు ఊపిరి తీస్తున్నాడు. ఒక్కసారి లెక్క తప్పినా తనకి వేలి కింద తెలుస్తోంది.

"నీళ్లు! ఏదైనా గిన్నె, చెంబు, నీళ్లుండాల!"

సుందర్ రాజు మూలనున్న తన మట్టికూజా తెచ్చాడు. పొద్దున్న ఖరగ్‌పూర్ కుళాయి దగ్గర నింపుకున్న తాగేనీళ్లు. గణపతిరావు గొట్టం చివర గాజునాళాన్ని కూజా మెడలోంచి దించాడు. రెండంగుళాలు మునగాలి. ఎక్కువ మునిగితే గాలికి బయటికి రావడం కష్టం, తక్కువైతే కుదుపుకి నాళం నీళ్లలోంచి బయటికొచ్చేస్తుంది. లోతు కొలవడానికి చూపుడువేలు లోపల పెట్టి చూశాడు. సరోజమ్మ ప్లాస్టరు చింపి నాళాన్ని కూజా మూతికి అంటించింది.

కానీ కూజా మట్టిది. లోపల ఏం జరుగుతోందో కనబడదు. గణపతిరావు నేల మీద ఒరిగి చెవి కూజాకి ఆనించాడు. గుడగుడ. గుడగుడ. హుక్కా పీల్చినట్టు. ఆ చప్పుడు వింటున్నంతసేపే దేముడు ఉన్నట్టు.

మేచెదా దాటింది. కోలాఘాట్ దాటి బండి రూప్‌నారాయణ్ వంతెన మీదికెక్కింది. ఇనుప దూలాల హోరు గార్డు పెట్టెని నింపేసింది. కూజాలో చప్పుడు వినబడ్డం మానేసింది. చెవి ఇంకా గట్టిగా నొక్కాడు. ఏమీ లేదు. గొట్టం మడత పడిందా? నీళ్లు తగ్గాయా? రామ్‌సేవక్ మొహం కళ్ల ముందుకొచ్చింది. నోరు తెరుచుకుని, ఎవరినో పిలుస్తున్నట్టు ఉండేది ఆ మొహం.

చెవి తీసి రెండు అరచేతులూ కూజా చుట్టూ వేశాడు. వంతెన అదురుకి కూజా అంతా అదురుతోంది. ఆ అదురులో ఇంకో అదురు వెతికాడు. కళ్లు మూసుకున్నాడు. ముందు ఏమీ తెలీలేదు. తరవాత ఎడమ అరచేతి కింద, లోపల్నించి, సన్నగా, తెరలు తెరలుగా కొట్టుకోవడం తెలిసింది. దేముడి పొట్ట మీద చెయ్యి పెట్టి చూడమని సరోజమ్మకి సైగ చేశాడు. ఆమె ఊపిరి ఊపిరికీ తల ఊపుతోంది. తల ఊపిన ప్రతిసారీ అరచేతి కింద ఆ కొట్టుకోవడం. సరిపోయింది.

వంతెన దాటింది. హౌరా దాకా అతను కూజా మీంచి చేతులు తియ్యలేదు.

జ్ఞానప్రకాశం గారు ముందే ఫోను చేసి ఉండడంతో, కలకత్తా ఆసుపత్రిలో లాహిరి ఎమర్జెన్సీ గుమ్మంలోనే ఎదురొచ్చారు. దేముడి రొమ్ము మీద చెవి గొట్టం పెట్టి విన్నారు, ఎక్స్‌రే వెలుతురుకి పట్టుకు చూశారు, కిందికి వంగి కూజాని చూశారు.

"గొట్టం పెట్టిందెవరు?"

"నేనే సార్."

"క్లాంపు?"

"ఒకసారి పెట్టారు. అప్పుడే తీసేశాను."

"థియేటరుకి తీసుకురా. నువ్వూ చేతులు కడుక్కో," అన్నారు బెంగాలీలో, అప్పటికే వెనక్కి తిరిగి.

నాలుగింటికి రొమ్ము తెరిచారు. పక్కటెముకలు విడదీయగానే తెగిన నాళంలోంచి గాలంతా బయటికి పోయి, మత్తు డాక్టరు చేతిలో, ఊపిరి అందించే రబ్బరు సంచి ఒట్టిపోయింది. ఆయన పిసుకుతున్నాడు, ఊపిరితిత్తిలోకి చేరడం లేదు. దేముడి నెత్తురు కళ్లముందే నల్లబడసాగింది.

"వేలు," అన్నారు లాహిరి.

గణపతిరావు చెయ్యి లోపలికి పోనిచ్చాడు. గుండె వెనకగా, చూపుకందని చోట, తెగిన నాళం అంచు వేలికి తగిలింది. వేలితో ఆ కన్నాన్ని మూశాడు. సంచి నిండింది. మత్తు డాక్టరు తన గొట్టాన్ని నెమ్మదిగా ఎడమ ఊపిరితిత్తి నాళంలోకి నెట్టుకునేదాకా, ఏడు నిమిషాలు, అతను వేలు కదపలేదు. మణికట్టు పక్కనే గుండె కొట్టుకుంటూ వేలిని తోస్తోంది.

లాహిరి వెనకవైపు కుట్లు తానే వేశారు. ముందువైపుకి వచ్చాక సూది పట్టకారుని గణపతిరావు అరచేతిలో పెట్టారు. ఇన్నేళ్లలో నాళం మీద సూది అతని చేతికివ్వడం అదే మొదలు. గణపతిరావు ఐదు కుట్లు వేశాడు. రొమ్ము నిండా గోరువెచ్చటి ఉప్పునీళ్లు పోసి, మత్తు డాక్టర్ని సంచి పిసకమన్నారు. అందరూ నీళ్లలోకి చూశారు.

ఒక బుడగ లేచింది. ఇంకోటి.

"ఎవరి కుట్టు?" అన్నారు లాహిరి.

"నాదే. నాలుగోది."

"విప్పు. మళ్లీ వెయ్యి."

విప్పాడు. ఈసారి సూది ఇంకాస్త లోతుగా, మృదులాస్థి చుట్టూ తిప్పి ముడి వేశాడు. మళ్లీ నీళ్లు. సంచి నొక్కారు. బుడగ లేవలేదు. కాసేపటికి ముడుచుకుపోయి కాలేయం ముక్కలా ఉన్న ఊపిరితిత్తి ఒక మూల గులాబీ రంగుకి తిరిగింది. ఆ రంగు నెమ్మదిగా పాకుతూ మొత్తం కమ్ముకుంది.

చేతులు కడుక్కుంటుండగా లాహిరి అడిగారు. "నీ సెలవు ఇంకెన్నాళ్లుంది?"

"నాలుగు రోజులు సార్. కానీ... నేను తిరిగి రాకూడదనుకున్నాను. రామ్‌సేవక్..."

"రామ్‌సేవక్ చచ్చిపోయాడు," అన్నారు లాహిరి. గొంతు పెంచలేదు. "ఈ రోజు నువ్వు చేసినదాంతో అతను బతికి రాడు. ఆ లెక్క ఈ లెక్కతో కొట్టేసుకోకు." కుళాయి కట్టేశారు. తువ్వాలుతో ఒక్కో వేలూ తుడుచుకున్నారు. "హరిపద మాఝీ. సులేమాన్. షెఫాలీ అని ఒక పద్నాలుగేళ్ల పిల్ల. వీళ్లు నా వాళ్లు, నా పొరపాటు వల్ల పోయినవాళ్లు. వాళ్లని మరిచిపోయిన రోజు నేను కత్తి పట్టుకోవడం మానేస్తాను. పొద్దున్న ఏడింటికి రౌండు. ఆలస్యం కావొద్దు."

గణపతిరావు రౌండుకి వెళ్లాడు. రైల్వే దరఖాస్తు మాట మళ్లీ ఎత్తలేదు.

దేముడికి తేలిగ్గా ఏమీ నయం కాలేదు. ఐదో రోజు జ్వరం వచ్చింది. కఫం అడ్డుపడి ఊపిరితిత్తి కింది భాగం మళ్లీ ముడుచుకుంది. గణపతిరావు అతన్ని కూచోబెట్టి, గాయం మీద దిండు నొక్కి పట్టుకుని దగ్గమనేవాడు. దేముడు దగ్గలేక ఏడ్చేవాడు. "కుట్లూడిపోతాయన్నా, నా వల్ల కాదు," అనేవాడు.

"ఊడవు. నాయి గదా ఆ కుట్లు. దగ్గురా," అనేవాడు గణపతిరావు. ఊడవని అతనికీ పూర్తి నమ్మకం లేదు. గంట గంటకీ అదే పని. పోలమ్మ వార్డు నర్సు దీదీల దగ్గర నేర్చుకుని, అరచెయ్యి దోసిలి చేసి మొగుడి వీపు తట్టేది. ఏడో రోజు గట్టి కఫం ముద్ద బయటపడింది. తొమ్మిదో రోజు సీసాలో బుడగలు లేవు. పదో రోజు ఊపిరి బిగపట్టమని చెప్పి గణపతిరావు గొట్టం లాగేశాడు.

ఆ విభాగంలో రోగిని ఇంటికి పంపేముందు ఒక పరీక్ష ఉండేది. ఆగకుండా రెండంతస్తులు మెట్లెక్కాలి. దేముడు మూడో వారంలో ఒక అంతస్తెక్కి కూలబడ్డాడు. నాలుగో వారంలో రెండూ ఎక్కాడు. లాహిరి కాగితం మీద సంతకం పెట్టి, "వీడు నీ ఊరివాడు, నువ్వే దింపి రా," అన్నారు.

ఖరగ్‌పూర్‌లో బండి దిగేసరికి మిట్టమధ్యాహ్నం. చైత్రమాసపు ఎండ. అవతలికి పోవాలంటే ఓవర్‌బ్రిడ్జి ఎక్కాలి. వెంకటరావు రిక్షా తీసుకొస్తానన్నాడు, పట్టాలు దాటించేస్తామని ఖలాసీలన్నారు. దేముడు ఎవరి మాటా వినలేదు. పోలమ్మ చేతిలో మూట ఆమెకే వదిలేసి మెట్లెక్కడం మొదలెట్టాడు.

గణపతిరావు వెనకాలే ఎక్కాడు. కళ్లు దేముడి కుడి భుజం మీదే. ఎడమ భుజంతో సమానంగా లేస్తోందా లేదా? సగం మెట్ల దగ్గర దేముడు ఆగాడు. రెయిలింగు పట్టుకున్నాడు. గణపతిరావు రెండు మెట్లు ఒక్కసారిగా ఎక్కి పక్కకి చేరాడు.

"ఏటైందిరా? ఆయాసమా?"

"నాకేటీ కాలేదన్నా." దేముడు వెనక్కి తిరిగి నవ్వాడు. "నువ్వే ఊపిరి బిగబట్టుకుని ఎక్కుతున్నావు. కాస్సేపు నిలబడు."

ఇద్దరూ అక్కడే నిలబడ్డారు. కింద యార్డులో వ్యాగన్లు ఒకదానికొకటి తగిలి చప్పుడవుతున్నాయి. పోలమ్మ మూట నెత్తిన పెట్టుకుని వాళ్లని దాటి ముందుకెళ్లిపోయింది. పైమెట్టు మీద నిలబడి, "రండి, అన్నం సల్లారిపోతంది," అని కేకేసింది.